కొట్టేసిన పేర్లు

“మా ఇంట్లో ఎవరూ చావలేదు. వెళ్ళు.”

కెల్లీవిల్‌లో ఒకాయన తలుపు వేసేశాడు.

“పోయాక వస్తే పాలసీ ఇవ్వరండీ. అందుకే ముందొచ్చాను,” అంది శ్యామసుందరి, మూసిన తలుపుతోనే.

ఆ ఉదయానికి అది ఏడో ఇల్లు.

రెండువేల సంవత్సరం, సిడ్నీలో చలికాలం. కంప్యూటర్లకి వైటూకే గండం గడిచింది. దాంతోపాటే ఆమె ప్రోగ్రామర్ కాంట్రాక్టూ ముగిసింది. ఇప్పుడు అంత్యక్రియల ఇన్సూరెన్స్ అమ్ముతోంది. మనిషి పోతే ఆ ఖర్చులకి కంపెనీ డబ్బిస్తుంది.

తోటి తెలుగువాళ్ళు వెనకాల ‘చావుల సుందరి’ అంటున్నారని తెలుసు.

అననీ, అనుకుంది.

పాలసీ కొనొచ్చనుకునే తెలుగువాళ్ళ పేర్లతో ఆఫీసువాళ్ళు లీడ్స్ అని ఇచ్చే జాబితాలో సగం ఫోన్లు పలకవు. పలికినవాళ్ళు తిడతారు.

ఆ మధ్యాహ్నం వెస్ట్‌మీడ్‌లో ఒక స్కూలు ముందు రోడ్డు దాటుతుంటే ఆ జాబితా గాలికి ఎగిరిపోయింది. స్టాప్ బోర్డు పట్టుకుని పిల్లల్ని దాటించే ముసలాయన కార్లన్నీ ఆపి, కాగితాలు ఏరి తెచ్చాడు.

పైనున్న కంపెనీ పేరు మీద, కింద తెలుగు పేర్ల మీద కళ్ళు పడి ఆగిపోయాడు.

“ఇన్సూరెన్సా బిడ్డా?”

తెలుగు విని ఆమె తేరిపార చూసింది. “అవునంకుల్. మీకు కావాలా?”

“నాకొద్దు. నా పేరు నజీముద్దీన్, మాది నల్లగొండ. పెన్నుందా?”

అడక్కుండానే పేర్లు కొట్టెయ్యడం మొదలుపెట్టాడు.

“ఈయన వచ్చే నెల ఇండియాకు వాపస్ పోతుండు. ఈయనకు కొడుకు ఎప్పుడో తీసుకున్నడు.”

శారదాంబ అన్న పేరు రెండుసార్లు కొట్టేశాడు.

“ఈమె జోలికి పోకు.”

“ఎందుకని?”

“ఎనభై ఏండ్లు. పెన్షన్ మీద బతుకుతది. మీ కిస్తు ఏటేటా పెరుగుతది. రెండేండ్లు కట్టి ఇంక కట్టలేక ఆపుతది. ఆపిన్నాడే కట్టిందంత పాయె. మీ కాగితంలనే రాసుంటది, సదువుకో.”

తర్వాత పక్కన ఖాళీలో మూడు కొత్త పేర్లు రాశాడు.

“వీళ్ళకు అవసరముంది, కట్టగల్గుతరు. నా పేరు చెప్పు. కానీ ఏదీ దాయకు.”

ఆమె నమ్మకం లేకుండానే వెళ్ళింది.

“నజీముద్దీన్ గారు పంపారా? ముందు లోపలికి రండి,” అన్నారు మొదటి ఇంట్లో.

రెండో ఇంట్లో ఉప్మా పెట్టారు. మూడిళ్ళలోనూ సంతకాలయ్యాయి.

నెల తిరిగేసరికి ఆయన చెప్పిన ఇళ్ళలో అలాంటివి తొమ్మిది.

అవి ఎవరి మాట మీద వచ్చాయో తెలిసి మేనేజర్ విజయభాస్కర్ ఆమెని పిలిచాడు.

“ఆ అంకుల్ దగ్గర డైరీ ఏదైనా ఉందా? జిరాక్స్ తీసుకురా. ఇలాంటి లీడ్స్ ఎక్కడా దొరకవు.”

“నేనడగను సార్.”

“సరే. ఈ శారదాంబ పేరెందుకు కొట్టేశావ్? ఒంటరి ముసలావిడ. భయం ఉంటుంది. ఈజీ సేల్. ఫ్రైడేకల్లా సంతకం నా టేబుల్ మీదుండాలి.”

ఇంటికెళ్ళి పాలసీ కాగితం తీసింది. తొమ్మిదో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం.

అప్పుడే అనుమానమూ మొదలైంది. రోడ్డు దాటించే మనిషికి తొమ్మిదో పేజీ ఎలా తెలుసు?

మర్నాడు నేరుగా అడిగేసింది.

“అంకుల్, మీరు వేరే కంపెనీ మనిషా? శారదాంబగారిని వాళ్ళకోసం అట్టిపెడుతున్నారా? మీ కమిషనెంతో చెప్పేయండి, నాకూ తేలిగ్గా ఉంటుంది.”

ఆయన ముఖం చిన్నబోయింది.

“పోరగాళ్ళు వస్తున్నరు బిడ్డా. పక్కకు జరుగు,” అని రోడ్డు మధ్యకి నడిచాడు.

శుక్రవారం వచ్చింది.

“సంతకమేదీ?” అన్నాడు విజయభాస్కర్.

“తేలేదు. తేను.”

“అయితే సోమవారం నుంచి రానక్కర్లేదు.”

“ఇవాళ్టి నుంచే రాను. వెళ్తూ వెళ్తూ ఆవిడకి తొమ్మిదో పేజీ చదివి వినిపిస్తాను. మీరు ఇంకెవర్ని పంపినా తలుపు తియ్యదు.”

“నీకు ఇంకెక్కడా ఉద్యోగం రాకుండా చెయ్యగలను, తెలుసా?”

“చెయ్యండి. నా చేతుల్తో ఆ సంతకం మాత్రం రాదు.”

అన్నట్టే ఆ సాయంత్రం శారదాంబ ఇంటికెళ్ళి, ప్రతి వాక్యం తెలుగులో చెప్పి వచ్చింది.

సోమవారం పొద్దున్నే స్కూలు దగ్గరికెళ్ళింది. ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడగాలి. ఉద్యోగం పోయిందని కూడా చెప్పాలి. ఆయన నవ్వుతాడేమో.

రోడ్డు మధ్య ఆ స్టాప్ బోర్డు పట్టుకుని ఎవరో అమ్మాయి నిలబడి ఉంది.

“నజీమా? నిన్న పొద్దున గుండెపోటుతో పోయాడు. ఈ మధ్యాహ్నమే రూక్‌వుడ్‌లో ఫ్యునరల్,” అందా అమ్మాయి ఇంగ్లీషులో.

శ్యామసుందరి రూక్‌వుడ్ శ్మశానానికి చేరేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. టోపీలు పెట్టుకున్నవాళ్ళతో పాటు బొట్లు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. తనకి సంతకాలు పెట్టిన తొమ్మిదిళ్ళవాళ్ళూ కనిపించారు. కొంచెం దూరంగా ఆడవాళ్ళు నిలబడిన చోట, ఎవరి చెయ్యో పట్టుకుని శారదాంబ ఏడుస్తోంది.

శ్యామసుందరి ఆవిడ పక్కకి వెళ్ళింది.

“ఈయన మీకెలా తెలుసు ఆంటీ?”

“ఒకప్పుడు నీలాగే ఏజెంటమ్మా. మా అందరికీ పాలసీలు అమ్మింది ఈయనే,” అంది శారదాంబ కళ్ళు తుడుచుకుంటూ. “మా ఆయన పోయినప్పుడు, కిస్తు కట్టలేక ఆపేశామని ఆ కంపెనీ పాలసీ చెల్లదు పొమ్మంది. అలా చెల్లదన్న పదకొండిళ్ళలోనూ, ఇచ్చిన మాట తనది కాబట్టి తన ఇల్లమ్మి, దహనమైనా ఖననమైనా దగ్గరుండి జరిపించాడు.”