లోన వేసిన గడ్డి

జట్కా దిగగానే నన్నే సాహెబ్ చూపు ఇంటి ముందు వాకిలి మీద పడింది. ఎర్రమట్టి. రెండు నెలల కిందట ఎలా ఉందో అలాగే ఉంది.

"మునస్వామీ, లాన్ యాడ?"

తోటమాలి మునస్వామి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "లోనే ఉండాది సాబ్. జట్కా ఎక్కతా లోన గడ్డి వెయ్యమంటిరి గదా. వేసినాను."

సర్వే పని మీద పుంగనూరు క్యాంపుకు వెళుతూ ఆయన వేయమన్నది లోన గడ్డి కాదు, ముందు వాకిట్లో లాన్. శుక్రవారం సాయంత్రం డిపార్టుమెంటు పెద్ద దొర, దొరసాని టీకి వస్తున్నారు. పచ్చిక మీద కుర్చీలు వేయించి వాళ్ళను కూర్చోబెట్టాలని ఆయన ఆశ. టీలోకి రేషను చక్కెర కూడా దాచి ఉంచారు. ఇవాళ బుధవారం.

పరదా తొలగించి వెనక్కి వెళ్ళాడు. చుట్టూ ఎత్తు గోడలు, నడుమ నేరేడు చెట్టు. ఆడవాళ్ళ కోసం విడిచిన పెరడు అది. ఎండ నేల దాకా దిగదు. పాచి తప్ప ఏమీ ఎరగని ఆ నేల ఇప్పుడు పచ్చగా ఉంది. ఆకుల సందుల్లోంచి జారిన వెలుగు చుక్కలు దాని మీద మెల్లగా కదులుతుంటే, గడ్డి నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది.

మునస్వామి వెనకే వచ్చి తన పాట్లు చెప్పుకున్నాడు. మొదట గరిక నాటాడట. నీడకు పాలిపోయి చచ్చిందట. అప్పుడు నీవా ఏటి గట్టున చెట్ల కింద పెరిగే వెడల్పాకు గడ్డిని పెళ్ళలుగా తవ్వి తెచ్చాడట. నాలుగు కొమ్మలు కొట్టి వెలుగుకు దారి చేశాడట. నీళ్ళు పొద్దున్నే పోయాలి, సాయంత్రం పోస్తే కుళ్ళుతుంది. రాలిన ఆకు ఏ రోజుది ఆ రోజే ఏరాలి. మరీ పొట్టిగా కోయకూడదు.

"చాలప్పా" అన్నాడు నన్నే సాహెబ్. "రేపు తెల్లారి ఇదంతా తవ్వి ముందర పరిచెయ్. లేదంటే పనిలోకి రావద్దు."

మునస్వామి నేల చూపులు చూశాడు. "పరుస్తాను సాబ్. కానీ నీడలో పెరిగిండేది. శుక్రవారం దాకా ఉంటాది. ఆపైన ఎండకు చచ్చిపోతాది."

"శుక్రవారం దాకా ఉంటే చాలు."

తెల్లారింది. పార చప్పుడు వినపడలేదు. నన్నే సాహెబ్ లేచి వెళ్ళేసరికి, పెరటి గడప బయట మునస్వామి పార పట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"బీబమ్మ నడస్తా ఉండారు సాబ్" అన్నాడు గొంతు తగ్గించి. "అయినాక తవ్వుతాను."

నన్నే సాహెబ్ పరదా సందులోంచి చూశాడు. మోకాళ్ళ నొప్పితో ఏడాదిగా వరండా మెట్టు దిగని తన భార్య ఖమర్ జహాన్, ఉత్తి కాళ్ళతో మంచు తడి గడ్డి మీద నడుస్తోంది. చెయ్యి గోడ మీద లేదు. చీర అంచు తడిసింది. నేరేడాకు ఒకటి ఆమె ముందు రాలింది. వంగి దాన్ని ఏరి పక్కకు వేసి, మళ్ళీ నడిచింది. ఆమె పెదవుల మీద పాటలాంటిదేదో ఉంది. పెళ్ళయిన కొత్తలో విన్నది.

గోషా ఇల్లు. ముందు వాకిట్లో ఎంత గడ్డి వేసినా ఆమె పాదం దాని మీద పడేది కాదు. ఆ సంగతి ఆయనకు ఇన్నేళ్ళూ తోచలేదు.

"పార తెచ్చినకాడే పెట్టేయ్" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఎర్రమట్టి మీదే నీళ్ళు చల్లించి కుర్చీలు వేయించాడు. దొర బూట్లకు బురద అంటింది. దొరసానిని ఖమర్ జహాన్ లోపలికి పిలిపించింది. ఎంతసేపటికీ దొరసాని బయటికి రాలేదు. పరదా వెనక నుంచి ఇద్దరి నవ్వులూ వినిపించాయి. చివరికి వచ్చినప్పుడు ఆమె చెప్పులు చేతిలో ఉన్నాయి, గౌను అంచుకు పచ్చ మరక ఉంది.

మునస్వామి ఎందుకో ఆ సాయంత్రమంతా బావి వెనకే తిరిగాడు. కానీ దొరల కారు కదలాలంటే గేటు తీయాల్సింది అతనే.

అతన్ని చూడగానే దొరసాని ముఖం వెలిగింది. నన్నే సాహెబ్ వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో అంది: "మునస్వామి మీ దగ్గర ఉన్నాడా! మదనపల్లెలో ఆరు సంవత్సరాలు మా లాన్ చూసినాడు."