సుల్తాన్ బజార్లో చుక్క

సంచి కామాక్షే సర్దింది. మేఘన ఎడమచెయ్యి పైకి లేవడంలేదు. నిన్న శశికిరణ్ దాన్ని తలుపు సందులో పెట్టి నొక్కాడు.

రెండు చీరలు, సర్టిఫికెట్లు, వాపుకి మాత్రలు. మేఘన పైన ట్యాబ్ పెట్టింది.

"అదెందుకే? వాడి యాప్ దాంట్లోనే కదా ఏడ్చింది!"

శశికిరణ్ అబిడ్స్‌లో యాప్‌లు తయారుచేస్తాడు. పెళ్లాం ఎక్కడుందో ఎర్రచుక్కగా చూపించే యాప్ కూడా అతను చేసిందే.

"అందుకే తీసుకెళ్తున్నా. ట్యాబ్‌కి కొత్త సిస్టమ్ వచ్చింది. ఈ యాప్ మూసి ఉన్నా మీ జాడ చూస్తోంది, చూడనివ్వాలా అని పొద్దున అదే అడిగింది. వద్దని నొక్కాను. ఇక తెరిస్తేనే దానికి కనిపిస్తాను. సుల్తాన్ బజార్లో ఒక్కసారి తెరిచి మూసేస్తా. చుక్క అక్కడే ఉండిపోతుంది. నేను నాంపల్లిలో రైలెక్కుతా. మీరూ రండి."

"ఇద్దరం కనబడకపోతే వాడు ముందు స్టేషన్‌కే ఉరుకుతాడు. నువ్వు పద."

మెట్లమీద చెప్పుల చప్పుడు ఆగిపోయేదాకా కామాక్షి తలుపు దగ్గరే నిలబడి వింది. వెళ్లేవాళ్ల అడుగులు ఆమె చెవుల్లోంచి ఓ పట్టాన పోవు.

మధ్యాహ్నం శశికిరణ్ తలుపు తన్నుకుంటూ వచ్చాడు.

"ఏదది?"

"కూరలకెళ్లింది."

"విరిగిన చేత్తోనా?"

జుట్టు పట్టి ఆమె తలని బీరువా అద్దానికేసి కొట్టాడు. అద్దం పగిలింది. నుదురు చిట్లింది. ఆ కొట్టే తీరు ఆమెకి కొత్త కాదు.

"ముసల్దానా, నువ్వే పంపావు. స్టేషన్‌కేనా?"

కామాక్షి డొక్కలో ఒక తన్ను పడింది.

"నా మాట నువ్వెప్పుడు నమ్మావు? నీ యాప్‌నే అడుక్కో."

ఫోన్ తీశాడు. చుక్క సుల్తాన్ బజార్లో ఉంది. అది ఎప్పటి చుక్కో చెప్పే ఏర్పాటు అతను పెట్టలేదు. కొత్త సిస్టమ్‌లో యాప్ ఎలా నడుస్తుందో చూసుకోనూలేదు.

"చీరల కొట్లో నక్కిందా! నా యాప్ నీలా అబద్ధమాడదు. ఈడ్చుకొచ్చి ఇద్దర్నీ కలిపి నరుకుతా."

కూరల కత్తి చొక్కా కింద దోపుకుని దిగిపోయాడు.

కామాక్షి నుదుటికి కొంగు అదుముకుని, చెప్పుల్లేకుండానే ఆటో ఎక్కింది.

"ఏందమ్మా గా రక్తం? దవాఖానకు పోదామా?"

"నాంపల్లి స్టేషన్, బాబూ. తొందరగా పోనీ."

ఆమె ప్లాట్‌ఫారం చేరేసరికి రైలు అప్పటికే కదిలింది. తలుపులో నిలబడ్డ మేఘన కుడిచెయ్యి చాపి ఆమెని లోపలికి లాగింది.

ఆ శనివారం మధ్యాహ్నం కోడలి వెంట వెళ్లిపోయిన కామాక్షి, కన్నకొడుకు శశికిరణ్ ఇంటికి మళ్లీ రాలేదు.