ఆలస్యానికి కారణం

"కారు కనిపించిందా?" గేటు లోపలి నుంచి మానస అరిచింది.

"ఇంకా లేదే! సిగ్నల్ కాడ మస్తు జామ్ ఉంది," పంజాగుట్ట రోడ్డు మీదికి మెడ సాచి సుష్మిత జవాబిచ్చింది.

సుష్మిత చేతిలో పూలగుచ్ఛం. మానస చేతిలో శాలువా. వెనక ఇరవై మంది అమ్మాయిలు. అందరికీ ఒకటే ఆత్రం.

వాళ్ల యూనివర్సిటీలో లైబ్రరీ రాత్రి పదింటి దాకా తెరిచే ఉంటుంది. లేడీస్ హాస్టల్ గేటు మాత్రం ఆరున్నరకే మూసేస్తారు. ఈ తేడా పోవాలని అమ్మాయిలు ఏడాదిగా కొట్లాడుతున్నారు. ఈరోజు మూడింటికి కమిటీ తేల్చేస్తుంది. తల్లిదండ్రులను కూడా పిలిచారు.

"హాస్టల్ రిజిస్టర్ చూశాం. చదువు కోసం ఆలస్యమైన అమ్మాయి ఒక్కతె కూడా లేదు. ఇంక టైము ఎందుకు పెంచాలి?" అని పోయిన మీటింగులో కమిటీ అడిగింది.

నిజమే, లేదు. లైబ్రరీ అని రాస్తే వార్డెన్ నమ్మదు, ఇంటికి ఫోన్ కొడుతుంది. అందుకే 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో అందరూ చుట్టాలకు జ్వరాలు తెప్పించేవాళ్లు. సుష్మిత తాతయ్య ఈ ఏడాదే తొమ్మిదిసార్లు ఆసుపత్రిలో చేరాడు. పాపం, ఆయన ఇంటి దగ్గర నిక్షేపంగా ఉన్నాడు.

అమ్మాయిల తరఫున నిలబడ్డ ప్రొఫెసర్ రుద్రమ్మ పట్టు వదల్లేదు. పాత రిజిస్టర్లన్నీ తిరగేస్తే, ముప్పై ఏళ్ల కిందటి దాంట్లో ఒకే ఒక్క పేరు దొరికింది. ఇక్బాల్ బేగం. కారణం: లైబ్రరీలో చదువుకున్నాను. వారంలో నాలుగు రోజులు అదే మాట.

అప్పటి చిరునామాకు ఉత్తరం రాస్తే, వస్తానని జవాబు కూడా వచ్చింది.

"గంత ధైర్యం ఉన్నామె ఇప్పుడు కలెక్టరన్నా అయ్యుంటది," అంది సుష్మిత.

"కాదు, జడ్జి!" మానస తేల్చేసింది.

"బిడ్డా..."

ఎవరో ఆంటీ. చెమటకు తడిసిన నూలు చీర, చేతిలో గుడ్డసంచి.

"గీ మీటింగు యాడ?"

"పేరెంట్సయితే అటు, ఆంటీ. జర జల్ది పోండి, మా గెస్ట్ కారు వస్తది."

ఆమె తలూపి లోపలికి పోయింది.

మూడైంది. మూడున్నరైంది. కారు రాలేదు. పూలు వాడిపోతున్నాయి, మానస మొహం అంతకంటే ఎక్కువ వాడిపోయింది.

"పాయె. పెద్దోళ్లకు మనం యాదికుంటమా?"

ఇంకాసేపటికి, కమిటీ గది బయట కాపు కాసిన పింకీ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పదింటి దాకా! ఓకే అన్నరే! ఇయ్యాల్టి నుంచే!"

ఇంకేముంది! అరుపులు, ఈలలు, కావలింతలు. ఏడాది కష్టం ఒక్క మాటతో తీరిపోయింది. రాని గెస్ట్ కోసం తెచ్చిన శాలువాను పింకీకి కప్పి ఊరేగించారు.

"ఆంటీ, జర పక్కకు జరగండి. ఫొటోల పడుతున్నరు."

గుడ్డసంచి ఆంటీ నవ్వుతూ జరిగింది.

"నిజంగ పదింటి దాకనా బిడ్డా?"

"అవు ఆంటీ! మీ బిడ్డ సుత మంచిగ చదువుకోవచ్చు!"

"గా లైబ్రరీల ఒక్క అయిదు నిమిషాలు కూసొని పోదునా?"

"ఐడీ కార్డు లేకుంటే రానియ్యరు ఆంటీ. రూల్."

ఆమె గుడ్డసంచి భుజానికి తగిలించుకుంది.

"అట్లనా... సరే తీ. మీరు చదువుకోండి, గంతే సాలు."

బోరబండ బస్సు వస్తుంటే గబగబా రోడ్డు దాటి ఎక్కేసింది. బస్సు అమీర్‌పేట వైపు కదిలింది.

నిమిషం కాకముందే రుద్రమ్మ మేడం చేతిలో కాగితంతో వచ్చింది.

"ఆమె ఏది?"

"ఎవరు మేడం? మీ గెస్ట్ రానే లేదు. అయినా గెలిచినం!"

"రాకపోవుడేంది! ఆమె మాట్లాడినంకనే కద కమిటీ దిగొచ్చింది. రిజిస్టర్ల నిజం రాసినందుకే అప్పుడు హాస్టల్ నుంచి తీసేసిన్రట. చదువు అక్కడికే ఆగిపోయిందట. 'ఇప్పుడు మీకేం చేయమంటరు' అని చైర్మన్ అడిగితే ఒక్కటే అడిగింది. పాస్ రాయించుకొస్తున్ననని చెప్పలే, జర పిల్లల దగ్గర ఉండమన్న."

సుష్మిత రోడ్డు మీదికి పరుగెత్తింది. బస్సు ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

మానస ఆ కాగితం అందుకుంది.

'ఇక్బాల్ బేగం గారికి లైబ్రరీలో అయిదు నిమిషాలు కూర్చోవడానికి అనుమతి' అని రాసి ఉంది.