తాడుకు అవతలి కొస

ఇనారి సరస్సు మీద మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోయింది. గడ్డకట్టిన నీటిలో కోసిన కన్నం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని హిల్కా తాడు పట్టుకుంది. అవతలి కొస, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని మంచు కింద ఈత నేర్చుకుంటున్న ఎస్కో నడుముకు ఉంది.

బాగున్నావా అని ఆమె ఒకసారి గుంజింది. బాగున్నానని అటునుంచి ఒకసారి గుంజారు.

అంతలో ఎస్కో తల కన్నంలోంచి పైకి లేచింది.

"చచ్చి బతికానక్కా! తాడు ఊడిపోయి ఐదు నిమిషాలైంది. నీ దీపం వెలుగు చూసుకుంటూ ఈదుకొచ్చా."

"వేళాకోళాలు చాలు. ఇప్పుడేగా బదులిచ్చావు?"

"నేనా? నా నడుముకు తాడేదీ?"

హిల్కా నమ్మలేక మళ్ళీ గుంజింది. బదులొచ్చింది. కాసేపాగి, నింపాదిగా నాలుగుసార్లు గుంజారు.

నాలుగంటే పైకి లాగమని. ఎందుకని ఆలోచించకుండా లాగాలని నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళను కాపాడే దళంలో కొత్తగా చేరిన ప్రతి వాలంటీరుకీ ఇరవై ఏళ్ళుగా నేర్పింది ఆమే.

"వదిలెయ్యక్కా! ముందు నాకు చెయ్యివ్వు!"

వదిలేద్దామనే అనుకుంది. అలవాటుపడ్డ చేతులు అప్పటికే లాగుతున్నాయి. తాడు బరువుగా, బుద్ధిగా పైకి వస్తోంది.

ఎస్కో ఇంకా ఆ కన్నంలోనే, నడుము దాకా నీళ్ళలో ఉన్నాడు.