మోగని రోజు

"పక్క సీట్లో సంచీ గానీ పెట్టారామ్మా?" కారు డోరు తీస్తూనే అడిగాడు మెకానిక్.

"ఏమీ లేదు. యాక్సిడెంటు తర్వాత డెంట్లు తీయించి నిన్ననే ఇంటికి తెచ్చాను. అప్పటి నుంచీ బెల్టు పెట్టుకోమని ఒకటే మోత," అంది ఆమె, స్టీరింగు వదలకుండా.

"సీటు కింద సెన్సారుంటుంది. బరువు పడితే మనిషి కూర్చున్నాడనుకుని, బెల్టు పెట్టేదాకా ప్రాణం తోడేస్తుంది. పాడైందేమో, చూస్తానుండండి."

"ఆ యాక్సిడెంటులో మా ఆయన పోయిన రోజే పాడైనట్టుంది. నేనే నడుపుతున్నాను. మోగడం లేదు కదా, బెల్టు పెట్టుకున్నారులే అనుకున్నాను. తిరిగి చూడనైనా చూడలేదు."

మెకానిక్ మోకాళ్ళ మీద వంగి సీటు కింద టార్చి వేశాడు.

వైరు తెగి ఉంది. రెండు కొసలకీ నల్లటేపు. ఆ టేపు చుట్టింది తనే. "ఈ గోల పడలేకపోతున్నాను, దీని నోరు మూయించవయ్యా. మా ఆవిడకి చెప్పకు," అని ఆమె భర్త అడిగితే, నవ్వుతూ కత్తిరించాడు.

తెగిన వైరు తెగినట్టే ఉంది. కారు మాత్రం మోగుతూనే ఉంది.

"ఏముందయ్యా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"అది పాడవలేదమ్మా," అన్నాడు లేవకుండానే. "ఆయన తెంపమన్నారు. నేనే తెంపాను."

ఆమె స్టీరింగు వదిలింది. తర్వాత పక్కకి ఒరిగి, ఖాళీ సీటు మీదుగా బెల్టు లాగి, నిద్రపోతున్న మనిషికి పెట్టినంత మెల్లగా బిగించింది.

మోత ఆగింది.