తువాలాయన వంతు

లాప్‌టాప్ తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది, ఆరిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఆరిపోయింది.

పొద్దున్నుంచీ ఇదే వరస.

"సిస్టమ్ పాడైంది. ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించాలి. గంట పైనే పడుతుంది," అన్నాడు రిపేరు షాపతను.

"అయితే మొదలుపెట్టండన్నా. మూడింటికల్లా నాకు కావాలి," అంది అమ్మాయి.

"ముందు ఆయనది. ఆయనదీ సెకండ్‌హ్యాండే, దానికీ ఇదే రోగం."

గోడవారగా బెంచీ మీద యాభై దాటిన ఒకాయన కూర్చుని ఉన్నాడు. బ్యాగు లేదు కాబోలు, లాప్‌టాప్‌ని పసిపిల్లకి స్నానం చేయించి తెచ్చినట్టు తువాలులో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

"రెండూ ఒకేసారి పెట్టెయ్యొచ్చుగా అన్నా?"

"పెట్టను. ఓసారి అలాగే రెండు ముందేసుకుని, తుడవకూడనిదాన్ని తుడిచేశాను. దాని యజమాని పెట్టిన శాపనార్థాలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. అప్పట్నించీ నా బల్ల మీద ఒక్కటే. వంతు ఎవరిదైతే వాళ్లదే. ఆయన సరేనంటే నాకేం అభ్యంతరం లేదు."

అమ్మాయి ఫోనులో టైము చూసుకుంది.

మూడింటికి వీడియోలో ఇంటర్వ్యూ. ఒక కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం. ఉన్నది ఒకటే ఖాళీ. కంప్యూటర్ మీద పరీక్ష కూడా ఉంటుంది, ఫోనుతో కుదరదని ముందే చెప్పేశారు.

తల్లీ, తనూ అక్క ఇంట్లో ఉంటున్నారు. "మా మరదలికి ఇంటర్వ్యూలకి వెళ్లడమే ఉద్యోగం," అని బావ నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వుకి తిన్నది ఒంటబట్టదు. ఈ లాప్‌టాప్ కూడా 'కొత్తదాన్ని తలదన్నేస్తుంది' అంటూ ఆయన కొనిచ్చిందే. ఈ ఉద్యోగం కూడా పోతే ఇక ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగలేదు.

బెంచీ దగ్గరికి వెళ్లింది.

"అంకుల్, మీ వంతు నాకిస్తారా?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు.

"నాదీ తొందర పనేనమ్మా. నీకేం పని?"

ఇంటర్వ్యూ అంటే ఇస్తాడో ఇవ్వడో. లోకంలో ఇంటర్వ్యూలు ఎవరికి లేవు? అప్పటికి నోటికి ఏదొస్తే అది అనేసింది.

"మా అమ్మకి ఆపరేషన్, అంకుల్. మూడింటికి వీడియోలో డాక్టరుగారు..."

ఆయన మిగతాది విననే లేదు. మొహం మారిపోయింది.

"ముందు అమ్మాయిది చూడు బాబూ."

"మీరు నాలుగింటికి కావాలన్నారు కదండీ. తర్వాత ఆలస్యమైందంటే నా పూచీ లేదు," అన్నాడు షాపతను.

"కాస్త ఆగమని అడిగి చూస్తాలే. మనిషి ప్రాణం ముందు నా పనెంత?"

షాపతను పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర మీద అంకెలు నింపాదిగా ఎక్కుతున్నాయి. అమ్మాయి కంటే ఆయనకే ఆత్రంగా ఉంది.

"ఎంతయింది బాబూ?"

"సగం."

"మీ అమ్మకేం కాదమ్మా. మా ఆవిడకీ చేశారు. మంచం మీద నుంచి లేవదేమో అనుకున్నాం. ఇప్పుడు ఇంట్లో ఎవర్నీ కూర్చోనివ్వట్లేదు."

ఆ వేళకి వాళ్లమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తూ, అక్క పిల్లల్ని కేకలేస్తూ ఉండి ఉంటుంది. అమ్మాయికి సిగ్గేసింది. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఈలోగా తెర మీద అంకె తొంభై దాటింది. నోరు మూసుకుంది.

లాప్‌టాప్ బతికింది. చేతికి రాగానే గబగబా మెట్లు దిగేసింది.

"ముందు ఫోన్ చేసి అమ్మకి ధైర్యం చెప్పమ్మా," అన్నాడాయన వెనక నుంచి, తువాలు విప్పుతూ.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. వారం తిరక్కుండానే ఉద్యోగం వచ్చిందని కబురొచ్చింది. బావే వెళ్లి మిఠాయిలు తెచ్చాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సందడిలో తువాలాయన గుర్తుకే రాలేదు.

మొదటి రోజు ఆఫీసులో మేనేజరమ్మే స్వయంగా వచ్చి కుర్చీ చూపించింది. కరుకుగా కనిపిస్తుంది కానీ మాట సరదాగానే ఉంది.

"కూర్చో. నిజం చెప్పాలంటే ఈ కుర్చీ నీకు రావాల్సింది కాదు."

"అదేంటి మేడమ్?"

"ఇంకొకాయన్ని అనుకున్నాం. పాతికేళ్లుగా ఇదే పని చేసిన మనిషి. వాళ్ల కంపెనీ మూసేస్తే పాపం ఇంట్లో కూర్చున్నాడు. ఆ రోజు నీ తర్వాత నాలుగింటికి ఆయన. ఆ ఇంటర్వ్యూ కూడా మాటవరసకే."

"మరి... రాలేదా మేడమ్?"

"లాప్‌టాప్ చెడిపోయింది, రిపేరు షాపులో ఉన్నాను, గంట ఆగమని ఫోన్ చేశాడు. ఆగేదాన్నే."

అమ్మాయి కూర్చోబోతున్నదల్లా కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది.

"కానీ ఆలస్యానికి ఒక కారణం చెప్పాడు చూడు, దాంతో నాకు ఒళ్లు మండింది. సెలవు కావాల్సినవాళ్లు చెప్పే కథలన్నీ నాకు కంఠతా వచ్చు. లెక్కల దగ్గర కూర్చోవాల్సిన మనిషి ఇంత పచ్చి అబద్ధం ఆడతాడా అని ఫోన్ పెట్టేశాను. మళ్లీ చేశాడు. ఎత్తలేదు."

అడగక్కర్లేదని తెలుసు. అయినా అమ్మాయి నోరు ఊరుకోలేదు.

"ఏమని చెప్పారు మేడమ్?"

మేనేజరమ్మ నవ్వింది.

"షాపులో ఎవరో అమ్మాయి వాళ్లమ్మకి ఆపరేషనంటే, తన వంతు ఆ పిల్లకి ఇచ్చేశాడట."