ఎదురింటి ముక్కు

తలుపు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

"వచ్చారే మీ ఇన్‌స్పెక్టరుగారు," అంది అత్తగారు మంచం మీంచే.

కోడలు జడ సగంలో వదిలేసి తలుపు ఓరగా తీసింది. పిల్లిపిల్ల బయటికి దూకకుండా కాలు అడ్డం పెట్టింది.

ఎదురింటాయన ఎప్పటిలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, వాసనొస్తోంది."

"సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే తీసేస్తాను బాబాయిగారూ."

"సాయంత్రం దాకా ఎందుకమ్మా? ఇప్పుడు తీస్తే నిమిషంలో పని."

ఆ నిమిషమే ఆమె దగ్గర లేదు. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్లో పొద్దస్తమానం నిలబడే ఉద్యోగం. ఇంటికొస్తే వంట, బట్టలు, అత్తగారి మందులు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇప్పుడీ పిల్లి ఇసుక ట్రే ఒకటి.

వంటింట్లోంచి రిటైరైన చిల్లుల గరిటె తీసుకుని ఇసుకలోంచి ఉండలు ఏరింది. ఆ ఇంట్లో ముద్దులాడేది అత్తగారు, ముద్దలెత్తేది కోడలు.

అయినా పిల్లిని బయటికి పంపే ఆలోచన ఆమెకి ఎప్పుడూ రాలేదు.

కొడుకు పోయిన దగ్గర్నుంచీ అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలికేది కాదు, పెడితే తినేది కాదు. ఒక వానరోజు ఈ పిల్లి కిటికీలోంచి వచ్చి ఆవిడ దుప్పట్లో దూరింది. "ఓసి దొంగమొహమా," అని ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. అప్పటినుంచీ దాన్ని తిడుతూ తింటోంది, దాంతో ఆడుతూ నవ్వుతోంది.

కానీ ఓనరమ్మకి జంతువులంటే గిట్టదు. కుక్కయినా పిల్లయినా కనబడితే ఇల్లు ఖాళీ చేయాల్సిందే అని అద్దెకిచ్చిన రోజే చెప్పింది. ఈ వాసన ఆవిడ ముక్కున పడితే పిల్లి పోతుంది. పిల్లి పోతే అత్తగారు మళ్ళీ గోడవైపు తిరుగుతుంది.

రోజూ ఈ గోల పడలేక, ఆదివారం ఘాటైన ఫినాయిల్ తెచ్చి ట్రే అంతా కడిగింది. ఇల్లు ఆసుపత్రిలా గుప్పుమంది. ఇక ఆ ముక్కుకి పని ఉండదులే అనుకుంది.

పిల్లి ట్రే దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగింది. వీధి గుమ్మం దగ్గర పట్టా మీద పని కానిచ్చేసింది. తలుపు సందులోంచి కంపు మెట్ల దాకా పాకింది.

మళ్ళీ తలుపు చప్పుడు.

"ఫినాయిల్ పోశావా అమ్మా? ఆ ఘాటుకి పిల్లి దగ్గరికి రాదు. మామూలు సబ్బు, వేణ్ణీళ్ళు చాలు. ట్రే కిటికీ పక్కన పెట్టు. పైన సెంట్లవీ కొట్టకు, అడుగున కాస్త వంటసోడా చల్లు."

"మా ఇంట్లో పిల్లి ఉందని మీకెవరు చెప్పారు?"

"మధ్యలో ఉన్నది నాలుగడుగులేగా. మీ అత్తగారు దాంతో నవ్వుతుంటే వినిపిస్తుంది."

అంటే వాసనే కాదు, నవ్వు కూడా ఇబ్బందేనన్నమాట. ఆమె తలుపు వేసేసింది.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఓనరమ్మ గొంతు ఖంగుమంది. ఎదురింటాయన ఏదో నెమ్మదిగా చెబుతున్నాడు. మాటలు తెలియలేదు. కోడలు పిల్లిని కొంగులో చుట్టి, తలుపు వెనకాల బిక్కుబిక్కుమంటూ నిలబడింది. ఓనరమ్మ మాత్రం ఇటు రాకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున షరా మామూలే.

"అమ్మాయ్, వాసన..."

ఆమె ఓపిక నశించింది.

"నిన్న ఆవిడకి చెప్పేశారుగా, ఇంకేం కావాలి? లోకంలో మీ ముక్కుకి మేమే దొరికామా? పొద్దున లేస్తే మీ మొహమే చూడాలా? ఇంకోసారి మా తలుపు కొట్టకండి."

ఆయన తన గుమ్మం వైపు తిరిగాడు.

"సరేనమ్మా. కిటికీ ఒక్కటి తెరిచి ఉంచు."

మళ్ళీ తలుపు కొట్టలేదు. నెలాఖరుకి రెండు పెట్టెలు ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ చెప్పలేదు, ఈమె అడగలేదు.

"పీడా విరగడైంది," అంది కోడలు.

"అలా అనకే. ఒంటరి మనిషి," అంది అత్తగారు.

కోడలు అప్పుడే ట్రే శుభ్రం చేసి వచ్చింది. ఆయన సతాయింపు పుణ్యమా అని అలవాటైపోయింది. నిద్ర కళ్ళతోనే గరిటె పట్టుకుంటోంది. వంటసోడా కూడా చల్లుతోంది. ఇంట్లో వాసన లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆమెకి మనసు రాలేదు.

ఆ వారంలోనే ఓనరమ్మ ఎదురిల్లు చూసుకోవడానికి వచ్చి, డ్యూటీకి బయల్దేరుతున్న ఈమెని మెట్ల మీద ఆపింది.

"ఇక మీకు హాయి అమ్మాయ్. ఆ పిల్లి కంపు వదిలింది."



"పిల్లా... అదీ... తప్పు మాదేనండీ, మా అత్తగారు..."

"మీ అత్తగారికి ఆ వాసన పడకపోతే తప్పు మీదెలా అవుతుంది?" అంది ఓనరమ్మ, తాళం తీస్తూ. "మొండి మనిషి. పిల్లి నాదేనని ఆయనే ఒప్పుకున్నాడు, దాన్ని వదిలేస్తే ఉండొచ్చు అన్నా వినకుండా ఇల్లే వదిలేసి పోయాడు."